కాశీలో లోహవిద్య

హైదరాబాదులో కంచన్‌బాగ్, బాలాపూర్ వైపు తిరిగేవారికి డీఎంఆర్‌ఎల్ (రక్షణ శాఖ లోహ పరిశోధనాశాల), మిధాని (మిశ్రధాతు నిగమ్ కర్మాగారం), ఏఆర్‌సీఐ (లోహపు పొడులు, కొత్త పదార్థాల పరిశోధనా కేంద్రం) అనే బోర్డులు కొత్త కావు. క్షిపణులకు, యుద్ధ ట్యాంకులకు, రాకెట్లకు కావలసిన లోహాలను రూపొందించే సంస్థలు ఒకే నగరంలో, అదీ కొద్ది కిలోమీటర్ల వ్యవధిలో ఇన్ని ఉండటం దేశంలో మరెక్కడా కనిపించదని నా అభిప్రాయం. వీటిని నిలబెట్టిన మనుషులు ఎక్కడ చదువుకున్నారు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు అని ఆరా తీస్తూ పోతే, దారుల్లో ఒక పెద్ద దారి కాశీకి, బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలోని మెటలర్జీ (లోహశాస్త్ర) శాఖకు చేరుతుంది. నేను అక్కడ చదవలేదు. విరిగిన షాఫ్టులనూ పగిలిన పైపులనూ పరీక్షించి, అవి ఎందుకు విరిగాయో చెప్పే లేబొరేటరీలో నా ఉద్యోగం. అయితే నాకు ఈ విద్య నేర్పిన గురువుల్లో ఒకరు బనారస్ విద్యార్థి. ఆయన పాఠం చెప్పే తీరులోనే ఆ శాఖ అంటే ఏమిటో నాకు మొదట తెలిసింది. పదార్థ విజ్ఞానం మీద మన భాషలో రాసేవారు తక్కువ, అందులోనూ ఆ విద్యను నేర్పే సంస్థల గురించి రాసేవారు మరీ తక్కువ కాబట్టి, నాకు తెలిసినంత మేరకు ఇక్కడ రాస్తున్నాను.

మదన్ మోహన్ మాలవీయ 1916లో విశ్వవిద్యాలయాన్ని స్థాపించినప్పుడు, శాస్త్రాలూ సంస్కృతమూ ఎంత ముఖ్యమో పరిశ్రమలకు పనికివచ్చే విద్య కూడా అంతే ముఖ్యమని పట్టుబట్టారు. అదే ఏడాది ఏర్పడిన ఇండియన్ ఇండస్ట్రియల్ కమిషన్‌లో ఆయన సభ్యులు. 1918లో ఆ కమిషన్ నివేదిక వెలువడినప్పుడు దానికి తన అసమ్మతి పత్రాన్ని విడిగా, సుదీర్ఘంగా రాసి జతచేశారు. అప్పటికి జంషెడ్‌పూర్‌లో టాటా కర్మాగారం ఇనుము, ఉక్కు తయారుచేయడం మొదలై కొన్నేళ్లు గడిచాయి. కానీ కొలిమి దగ్గర నిలబడి నిర్ణయాలు తీసుకునే నిపుణులు మాత్రం చాలావరకు విదేశీయులే. ఖనిజం మనది, బొగ్గు మనది, కూలీ మనవాడు, లోపల ఏం జరుగుతోందో తెలిసినవాడు మాత్రం మనవాడు కాదు. ఈ పరిస్థితిని మార్చాలంటే విద్యార్థులను ఒకరిద్దరి చొప్పున ఓడలెక్కించి పంపితే చాలదు, ఆ చదువే ఇక్కడికి రావాలి. 1923లో ఎన్.పి. గాంధీ సారథ్యంలో బనారస్‌లో గనుల తవ్వకం, లోహశాస్త్రం బోధన మొదలైంది. దేశంలో మెటలర్జీలో డిగ్రీ చదువు మొదలుపెట్టిన తొలి విశ్వవిద్యాలయ శాఖ ఇదే. బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో మెటలర్జీ శాఖ 1945లో వచ్చిందని గుర్తుచేసుకుంటే, బనారస్ ఎంత ముందుగా మేల్కొన్నదో తెలుస్తుంది.

తర్వాతి పరిపాలనా చరిత్రను క్లుప్తంగా చెప్పి ముందుకు వెళతాను. 1944లో ఇది కాలేజ్ ఆఫ్ మైనింగ్ అండ్ మెటలర్జీ అయింది. 1968లో ఇంజనీరింగ్, టెక్నాలజీ కళాశాలలతో కలిసి ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీగా మారింది. 1978లో అదే ఆవరణలో స్కూల్ ఆఫ్ మెటీరియల్స్ సైన్స్ అండ్ టెక్నాలజీ పేరిట లోహాలకే పరిమితం కాని మరో విభాగం వచ్చింది. 2012లో సంస్థ మొత్తానికి ఐఐటీ హోదా దక్కింది. పేర్లు ఎన్ని మారినా పాత విద్యార్థులు తమను తాము బనారస్ మెటలర్జీవాళ్లమనే చెప్పుకుంటారు.

ఈ విద్య ఎలా మొదలవుతుందో తెలియకపోతే మిగతా కథ అర్థం కాదు కాబట్టి, ప్రతి మెటలర్జీ విద్యార్థీ మొదట చేసే పనిని కొంచెం వివరంగా చెబుతాను. 0.4 శాతం కార్బన్ ఉన్న ఉక్కు కడ్డీ నుంచి చిన్న ముక్క కోసి చేతికిస్తారు. దాని ముఖాన్ని ఎమరీ పేపరు మీద నీళ్లు పోస్తూ ఒకే దిక్కున రుద్దాలి. గీతలన్నీ ఒకే వరుసలోకి వచ్చాక, ఇంకా సన్నని పేపరు తీసుకుని, ముక్కను తొంభై డిగ్రీలు తిప్పి, పాత గీతలు పూర్తిగా పోయేదాకా మళ్లీ రుద్దాలి. పేపర్లన్నీ అయ్యాక తిరిగే చక్రం మీద బిగించిన వెల్వెట్ గుడ్డ మీద అల్యూమినా పొడి కలిపిన నీటితో పాలిష్ పెడితే, ముక్క అద్దంలా మెరుస్తుంది. ఆ దశలో మైక్రోస్కోపు కింద పెడితే దాదాపు ఏమీ కనబడదు, అంతా తెల్లగా ఉంటుంది. ఆల్కహాల్‌లో రెండు శాతం నైట్రిక్ ఆమ్లం కలిపిన నైటాల్‌లో కొన్ని సెకన్లు ముంచి, కడిగి, ఆరబెట్టి చూస్తే అప్పుడు ఉక్కు లోపలి నిర్మాణం బయటపడుతుంది. తెల్లటి ఫెర్రైట్ (దాదాపు శుద్ధమైన ఇనుము) గ్రెయిన్లు, అంటే స్ఫటిక రేణువులు, వాటి మధ్య కార్బన్ ఎక్కువగా చేరిన నల్లటి పియర్‌లైట్ ప్రాంతాలు, ఇంచుమించు సగం సగం. మైక్రోస్కోపు శక్తి పెంచితే ఆ నలుపు నలుపు కాదని, పలుచటి రేకులు ఒకదాని పక్కన ఒకటి పేర్చినట్లున్న నిర్మాణమని తెలుస్తుంది.

చెప్పడానికి ఇది చిన్న ప్రయోగమే. కానీ ఒకే రసాయన కూర్పు ఉన్న ఉక్కును నెమ్మదిగా చల్లారిస్తే ఒక నిర్మాణం, ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే మరో నిర్మాణం వస్తాయని, మొదటిది వంగుతుంది, రెండోది గాజులా విరుగుతుందని విద్యార్థి తన కంటితో చూసుకున్న రోజు అతని ఆలోచన మారిపోతుంది. పదార్థంలో ఏముందన్నది ఎంత ముఖ్యమో, అది ఏ వరుసలో అమరి ఉందన్నదీ అంతే ముఖ్యం. పదార్థ విజ్ఞానమంతా ఈ ఒక్క విషయాన్ని పట్టుకునే నడుస్తుంది. మా గురువుగారు ముక్క మీద ఒక్క అడ్డగీత మిగిలినా తిప్పి పంపేవారు. గీతను నిర్మాణమని భ్రమపడినవాడు రేపు ఒక బాయిలర్ గొట్టం మీద తప్పు నివేదిక రాస్తాడని ఆయన వాదన. ఉద్యోగంలో చేరాక ఆ మాట నాకు చాలాసార్లు అక్కరకు వచ్చింది.

బనారస్ శాఖ పాఠాలు చెప్పే కళాశాల స్థాయి నుంచి ప్రపంచం గుర్తించిన పరిశోధనా కేంద్రంగా ఎదగడంలో టి.ఆర్. అనంతరామన్ పాత్ర ప్రధానమైనది. ఆక్స్‌ఫర్డ్‌లో పరిశోధన చేసి, జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో పనిచేసి, బెంగళూరులో బోధించి, 1962లో ఆయన బనారస్ వచ్చారు. స్ఫటికాల నిర్మాణాన్ని ఎక్స్‌రే వివర్తనంతో, అంటే పరమాణువుల వరుసలకు తగిలి ఎక్స్‌రేలు చెదిరే తీరుతో, చదవడం ఆయన విద్య. ఎక్స్‌రే ఫిల్ము మీద పడిన గీతల మధ్య దూరాన్ని స్కేలుతో కొలిచి, అందులోనుంచి పరమాణువుల మధ్య దూరాన్ని రాబట్టే ఆ పద్ధతిలో, కెమెరా వ్యాసం 114.6 మిల్లీమీటర్లుగా పెట్టుకుంటే ఫిల్ము మీద ఒక మిల్లీమీటరు సరిగ్గా ఒక డిగ్రీ అవుతుంది. ఇప్పటి యంత్రం ఆ లెక్కంతా తనే చేసి ఫలితాన్ని తెర మీద చూపిస్తుంది. అది మంచిదే, కాలం కలిసివస్తుంది. అయితే ఫిల్మును చేత్తో కొలిచిన తరానికి ఏ గీత నిజమైనదో, ఏది పరికరం లోపం వల్ల వచ్చిందో అనుభవంతో తెలిసేది.

అనంతరామన్ వచ్చేనాటికి అమెరికాలోని కాల్టెక్ విద్యాసంస్థలో పాల్ డ్యూవే బృందం ఒక కొత్త దారి తెరిచింది. 1960లో వారు బంగారం, సిలికాన్ కలిసిన మిశ్రలోహాన్ని కరిగించి, సెకనుకు పది లక్షల డిగ్రీల వేగంతో చల్లార్చి, స్ఫటిక నిర్మాణమే లేని లోహపు గాజును తయారుచేశారు. ద్రవం గడ్డకట్టేటప్పుడు పరమాణువులు తమ తమ స్థానాలకు చేరి వరుసలు కట్టడానికి కొంత వ్యవధి కావాలి. ఆ వ్యవధి ఇవ్వకపోతే అవి ఉన్నచోటనే ఆగిపోతాయి, లేదా ప్రకృతిలో మామూలుగా కనబడని కొత్త అమరికలు పుట్టుకొస్తాయి. ఇంత వేగంగా చల్లార్చడానికి వాడిన సాధనాన్ని గన్ అనేవారు. గ్రాఫైటు మూసలో, అడుగున సన్నటి రంధ్రం ఉన్నచోట, ఒక గ్రాము కన్నా చాలా తక్కువ లోహాన్ని కరిగిస్తారు. పైనున్న గదిలో వాయువు పీడనాన్ని పెంచుకుంటూ పోతే, రెండు గదుల మధ్య బిగించిన పలుచటి ప్లాస్టిక్ పొర ఒక్కసారిగా పగులుతుంది. ఆ విస్ఫోటపు తరంగం కరిగిన బొట్టును తుంపరలుగా చిదిమి కింద ఉన్న రాగి పలక మీదికి విసురుతుంది. అక్కడ అది కొన్ని మైక్రాన్ల మందం ఉన్న రేకుగా అతుక్కుంటుంది. ఆ రేకు అంచులు ఎంత పలుచగా ఉంటాయంటే, మరే తయారీ లేకుండానే ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో పెట్టి చూడవచ్చు.

ఇది దుకాణంలో కొనుక్కొచ్చే పరికరం కాదు. శాఖ వర్క్‌షాపులో టర్నరు, వెల్డరు, పరిశోధక విద్యార్థి కలిసి కూర్చుని తయారుచేసుకోవలసినదే. ఈ రంగాన్ని బనారస్‌లో నిలబెట్టిన అనంతరామన్ శిష్యుల్లో ఇద్దరు తెలుగువారి గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఒకరు పాచా రామచంద్రరావు. 1942లో తెలుగు కుటుంబంలో పుట్టిన ఆయన, 1960ల్లో బనారస్‌లో పరిశోధక విద్యార్థిగా చేరి, అక్కడే అధ్యాపకుడై 1992 దాకా పనిచేశారు. మరొకరు చల్లపల్లి సూర్యనారాయణ. వేగంగా చల్లార్చే పద్ధతుల తొలి దశాబ్దం మీద 1971లో అనంతరామన్, సూర్యనారాయణ కలిసి రాసిన సమీక్ష ఒక అంతర్జాతీయ పత్రికలో వచ్చింది. కాల్టెక్‌లో మొదలైన పనికి పదేళ్ల లెక్క చెప్పినది కాశీ నుంచి వెళ్లిన వ్యాసమన్నది నాకు ఎప్పుడు తలుచుకున్నా గర్వంగా ఉంటుంది. సూర్యనారాయణ తర్వాత అమెరికాలో స్థిరపడి, లోహపు పొడులను బంతుల మిల్లులో నూరి మిశ్రలోహాలు చేసే పద్ధతి మీద 2001లో 184 పేజీల సమీక్ష రాశారు. ఈ రంగంలో పనిచేసేవారు నేటికీ ముందుగా తెరిచేది దానినే.

ఇక నా దృష్టిలో ఈ శాఖ చరిత్రలో అన్నిటికంటే విలువైన ఘట్టానికి వస్తాను. భుజాలూ కోణాలూ అన్నీ సమానంగా ఉన్న పంచభుజాకారపు పలకలు ఒక్కటే వాడి, సందు లేకుండా గది అంతా గచ్చు పరచడం ఏ మేస్త్రీకీ సాధ్యం కాదు. అలాంటివే మూడు, నాలుగు, ఆరు భుజాలవైతే పరచవచ్చు. స్ఫటికంలో పరమాణువులు కూడా ఒకే అమరికను పదేపదే పునరావృతం చేస్తూ స్థలాన్ని నింపాలి కాబట్టి, అయిదురెట్ల సౌష్ఠవం (చుట్టులో అయిదోవంతు తిప్పినా అలాగే కనబడే అమరిక) స్ఫటికాల్లో ఉండదని శాస్త్రం గట్టిగా చెబుతూ వచ్చింది. 1982 ఏప్రిల్ 8న ఇజ్రాయెల్ శాస్త్రవేత్త డాన్ షెక్ట్‌మన్, అమెరికాలో పనిచేస్తూ, వేగంగా చల్లార్చిన అల్యూమినియం, మాంగనీసు మిశ్రలోహంలో ఆ నిషిద్ధ సౌష్ఠవాన్నే చూశారు. ఎవరూ నమ్మలేదు. ఆ ఫలితం 1984 నవంబరులో గానీ ఒక ప్రధాన భౌతికశాస్త్ర పత్రికలో రాలేదు. రెండు నోబెల్ బహుమతులు పొందిన లైనస్ పాలింగ్ అంతటివాడు కడదాకా వ్యతిరేకించాడు. 2011లో షెక్ట్‌మన్‌కు నోబెల్ వచ్చింది.

షెక్ట్‌మన్ ఫలితం అచ్చయిన మరుసటి ఏడాదే, 1985లో, బనారస్‌లో రామచంద్రరావు, జి.వి.ఎస్. శాస్త్రి ఒక ప్రశ్న వేసుకున్నారు. ఇలాంటి పదార్థం అదృష్టవశాత్తూ దొరకవలసిందేనా, లేక ఎక్కడ వెదకాలో ముందుగానే ఊహించగలమా? షెక్ట్‌మన్ చూసినలాంటి, క్రమం ఉన్నా ఒకే అమరిక పునరావృతం కాని పదార్థాన్ని క్వాసీ క్రిస్టల్ అంటారు. అందులో ఇరవై ముఖాల ఐకోసహెడ్రన్ ఆకారపు పరమాణు గుచ్ఛాలు ఉంటాయన్న ఆలోచన అప్పటికే వచ్చింది. అలాంటి గుచ్ఛాలు దండిగా ఉన్న మామూలు స్ఫటికం ఏదైనా ఉంటే, దాన్ని కరిగించి వేగంగా చల్లార్చినప్పుడు ఆ గుచ్ఛాలు పాత క్రమంలో సర్దుకోలేక క్వాసీ క్రిస్టల్‌గా నిలిచిపోవచ్చునని వారు తర్కించారు. మెగ్నీషియం, అల్యూమినియం, జింకు కలిసిన ఒక సంయోగం వారి దృష్టికి వచ్చింది. దాని యూనిట్ సెల్‌లో, అంటే స్ఫటికంలో పదేపదే పునరావృతమయ్యే అతి చిన్న గడిలో, 162 పరమాణువులు ఉంటాయి. ఆ నిర్మాణాన్ని 1957లో ప్రకటించిన ముగ్గురిలో ఒకరు పాలింగే. వారు ఆ మిశ్రలోహాన్ని కరిగించి చల్లార్చి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూశారు. ఊహించిన సౌష్ఠవం కనిపించింది. వారి వ్యాసం మన దేశపు పత్రిక ప్రమాణలో వెలువడింది. మాంగనీసు, ఇనుము వంటి పరివర్తన లోహాలు లేకుండానే క్వాసీ క్రిస్టల్ ఏర్పడగలదని కూడా ఆ ప్రయోగంతోనే తేలింది.

దీనికి ముందు జరిగినది మరొకటుంది. 1978లోనే శాస్త్రి, సూర్యనారాయణ బెల్జియం శాస్త్రవేత్తలతో కలిసి అల్యూమినియం, పల్లాడియం మిశ్రలోహంలో ఒక విచిత్రమైన కొత్త ఫేజ్‌ను (తనదైన అమరిక ఉన్న రూపాన్ని) ప్రకటించారు. షెక్ట్‌మన్ ఆవిష్కరణ తర్వాత వెనక్కి తిరిగి చూసినప్పుడు, ఆ ఫేజ్‌కు క్వాసీ క్రిస్టళ్లతో దగ్గరి సంబంధం ఉన్నదని గుర్తించారు. నోబెల్ తృటిలో తప్పిపోయిందని కొందరు బాధపడతారు. నాకు ఆ బాధ లేదు. ఆ ఏడేళ్లూ వారు పరిశోధన ఆపలేదు. చేతిలో పద్ధతి ఉంది, పరికరం ఉంది, వివర్తన చిత్రాలను చదివే అలవాటు ఉంది. అందుకే కొత్త సంగతి తెలిసిన కొద్ది నెలల్లోనే దానిని ఒక మెట్టు పైకి తీసుకుపోగలిగారు. ఎవరో కనుగొన్నదాన్ని మరోసారి చేసి చూపడం వేరు, ఎందుకు వస్తుందో చెప్పి మరోచోట రప్పించడం వేరు. రెండోది చేయగలగాలంటే విద్యార్థికి ఏళ్ల తరబడి ఒకే విషయం మీద కూర్చోనిచ్చే శాఖ కావాలి.

ఇదే కాలంలో బనారస్‌లో మరో తెలుగు ఆచార్యుడు పల్లె రామారావు లోహాలు ఎలా సాగుతాయి, ఎలా విరుగుతాయి అన్న విషయం మీద పనిచేశారు. రామచంద్రరావు, రామారావు అన్న రెండు పేర్లూ దగ్గరగా ఉండటంతో చాలామంది ఇద్దరినీ ఒకరే అనుకుంటారు. రామారావు 1982లో హైదరాబాదు వచ్చి డీఎంఆర్‌ఎల్ డైరెక్టరు బాధ్యతలు తీసుకున్నారు. 1963లో హైదరాబాదులో నెలకొన్న ఆ ప్రయోగశాలకు, 1973లో ఏర్పడిన మిధానికీ ఒకే ప్రాంగణంలో ఉన్నంత దగ్గరి సంబంధం. డీఎంఆర్‌ఎల్‌లో కాగితం మీద తేల్చిన మిశ్రలోహం మిధానిలో టన్నుల లెక్కన తయారు కావాలి. తర్వాత ఆయన కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ కార్యదర్శి అయ్యారు, బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ రూపకల్పనలో ముందు నిలిచారు, 1999 నుంచి 2002 దాకా హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా ఉన్నారు. ఆ విశ్వవిద్యాలయంలో ఇప్పుడు మెటీరియల్స్ ఇంజనీరింగ్ చదువు ఉంది. రామచంద్రరావు బనారస్ విడిచాక పదేళ్లు జంషెడ్‌పూర్‌లోని నేషనల్ మెటలర్జికల్ లేబొరేటరీకి డైరెక్టరుగా పనిచేసి, 2002లో తాను చదివిన బనారస్‌కే ఉపకులపతిగా వెళ్లారు. అక్కడే విద్యార్థిగా, అధ్యాపకుడిగా, ఉపకులపతిగా మూడు దశలూ చూసినవారు ఆయన. తర్వాత పుణెలోని రక్షణ సాంకేతిక విశ్వవిద్యాలయానికి తొలి ఉపకులపతి అయ్యారు. 2007 నుంచి 2010లో కన్నుమూసేదాకా ఏఆర్‌సీఐలో రాజా రామన్న ఫెలోగా పరిశోధన కొనసాగించారు.

నేను పదేపదే ఆలోచించే విషయం ఇదే. పరిశోధనాగారాలు కట్టడానికి నిధులు దొరుకుతాయి, యంత్రాలు దిగుమతి చేసుకోవచ్చు. వాటిని నడిపే మనిషి మాత్రం ఒక బోధనా శాఖలో, ఒక గురువు పక్కన, ఎన్నో ఏళ్లు తయారుకావాలి. డీఎంఆర్‌ఎల్, ఏఆర్‌సీఐ గొప్పవే. కానీ వాటికి మనుషులను ఇచ్చినవి బనారస్, బెంగళూరు, వరంగల్ వంటి చోట్ల ఉన్న తరగతి గదులు. బోధననూ పరిశోధననూ విడదీసి, పరిశోధనకు డబ్బు, బోధనకు సర్దుబాటు అన్నట్టు నడిపితే, ఒక తరం గడిచేసరికి పరిశోధనాగారాల్లో కూర్చోవడానికి మనుషులు ఉండరు. ఆచార్యుల ఖాళీలు ఏళ్ల తరబడి భర్తీ కాని కళాశాలలు నేను చూశాను. ఎమరీ పేపరు లేక ప్రయోగాన్ని రికార్డు పుస్తకంలో రాయించి సరిపెట్టిన చోట్లూ చూశాను. ఆ విద్యార్థులు మా దగ్గరికి ఉద్యోగానికి వచ్చినప్పుడు వారిని చూస్తే కోపం రాదు, జాలి వేస్తుంది. తప్పు వారిది కాదు.

తల్లిదండ్రులతో కూడా ఒక మాట. కౌన్సెలింగ్ రోజుల్లో ఫోన్లు వస్తాయి. కంప్యూటర్ సైన్స్ రాలేదండీ, మెటలర్జీ వచ్చింది, చేరమంటారా అని అడుగుతారు. మిగిలిపోయిన సీటుగా దానిని చూడవద్దని చెబుతాను. బ్యాటరీల కాథోడు, సెమీకండక్టరు వేఫరు, విమానం ఇంజను బ్లేడు, తుంటి మార్పిడిలో వాడే టైటానియం కీలు, ఇవన్నీ ఈ చదువులోనివే. అయితే పిల్లవాడికి చేతులు మురికి చేసుకోవడం ఇష్టమా అని కూడా అడుగుతాను. కొలిమి వేడి, ఆమ్లం వాసన, ఒక ముక్క కోసం పూటంతా పడే శ్రమ నచ్చనివారికి ఈ దారి కష్టమే, ఆ సంగతి ముందే చెప్పడం మంచిది. చేరదలచినవారు కళాశాల పేరుతో పాటు మెటలోగ్రఫీ (లోహపు ముక్కలను పాలిష్ చేసి మైక్రోస్కోపులో చూసే) ల్యాబు రోజూ తెరిచి ఉంటుందా, కొలిమి పనిచేస్తోందా, మూడో సంవత్సరం పిల్లలకు ఎక్స్‌రే యంత్రాన్ని తాకనిస్తారా అని సీనియర్లను అడిగి తెలుసుకోవాలి.

బనారస్‌లో 1960, 70ల్లో లోహశాస్త్రం చదివిన తెలుగువారు హైదరాబాదులో, విశాఖలో, అమెరికాలో ఇంకా ఉన్నారు. కాశీ చలిలో హాస్టలు జీవితం గురించి కొందరు రాశారు గానీ, ల్యాబు గురించి రాసినవారు నాకు కనబడలేదు. ఆ గన్‌ను ఏ వర్క్‌షాపులో తయారుచేశారు, మొదటి రేకు రావడానికి ముందు ఏమేం విఫలమయ్యాయి, ఆర్గాన్ సిలిండరు ఎక్కడినుంచి తెప్పించేవారు, అనంతరామన్ వివర్తన చిత్రాలను విద్యార్థులతో ఎలా చదివించేవారు అన్న వివరాలు అచ్చయిన వ్యాసాల్లో దొరకవు. అక్కడ చదివినవారు గానీ, వారిని ఎరిగినవారు గానీ దీనిని చదువుతుంటే, గుర్తున్నంత మేరకు తెలుగులో రాసి పంపండి. పేరుతోనో, వద్దంటే పేరు లేకుండానో, ఇక్కడే ప్రచురిస్తాను.